మామగారి రణపాల

నాలుగు రోజులుండి వెళ్తానని వచ్చిన మామగారు నాలుగు నెలలైనా కదలకపోవడం అల్లుడికి ఏమంత కష్టంగా తోచలేదు. ముప్ఫై రెండేళ్ళు బస్సు కండక్టరుగా చేసి దిగిన మనిషి, కబుర్లకు కొదవ లేదు. ఇంట్లో సందడిగానే ఉండేది. చిక్కంతా ఆయన చొక్కా జేబులో వచ్చిన ఆకుతోనే మొదలైంది.

అది రణపాల ఆకు. దళసరిగా, అంచంతా నొక్కులు నొక్కులుగా ఉంటుంది. దారిలో ఎక్కడో తెంపి జేబులో వేసుకుని ఆ సంగతే మరిచిపోయాడాయన. చొక్కా వారం రోజులు కొక్కేనికి వేలాడింది. ఉతకడానికి తీసి జేబు తడిమిన కూతురు కెవ్వుమంది. ఆకు ఒక్కో నొక్కులో ఒక్కో బుల్లి మొక్క, దాని కింద దారపు పోగుల్లాంటి వేళ్ళు.

"నీళ్ళు లేవు, మట్టి లేదు. అయినా పదకొండు మందిని కన్నదమ్మా ఇది!" అని మురిసిపోయి ఆయన వాటిని చిట్లిన టీ కప్పుల్లో పెట్టాడు. కప్పులు చాలక పాత డబ్బాలు, డబ్బాలు చాలక అల్లుడి షాపులో ఖాళీ అయిన క్రీము సీసాలు. ఆకు కిందపడితే చాలు, పడ్డచోటే కాపురం పెట్టేది. కిటికీలు నిండాయి, మెట్లు నిండాయి, బట్టలారేసుకునే చోటూ నిండింది.

"నాన్నా, స్నానాల గదిలో కూడా రెండు లేచాయి. ఎవరికైనా ఇచ్చెయ్యకూడదూ?" అంది కూతురు.

"ఇచ్చేస్తా," అన్నాడాయన. మర్నాడు పొద్దున్నే పళ్ళెం నిండా మొక్కలు పెట్టుకుని అల్లుడి వెంట షాపుకు బయల్దేరాడు.

అల్లుడిది కటింగు షాపు. రెండు కుర్చీలు, అంచు పగిలిన అద్దం, గోడవారగా ఒక బల్ల, దాని మీద అట్టలూడిన వారపత్రికలు. మొక్కలు పంచడానికి అంతకన్న అనువైన చోటు భూమ్మీద లేదని మామగారు అక్కడ కూర్చున్న అరగంటలోనే కనిపెట్టాడు. మెడ చుట్టూ గుడ్డ కట్టి ఉంటుంది, గొంతు మీద కత్తి ఉంటుంది. ఆ కుర్చీలో ఉన్న మనిషి లేచి పారిపోలేడు, కాదని తలైనా ఆడించలేడు.

"తల ఊపకండి," అనేవాడు అల్లుడు.

"ఊపక్కర్లేదు బాబూ, ఒళ్ళో పెట్టేస్తున్నా," అనేవాడు మామగారు. "నా బస్సులో టికెట్టు లేకుండా ఎవడూ దిగలేదు. ఇక్కడా అంతే."

మొదట్లో అందరూ నవ్వుకుంటూ పట్టుకెళ్ళారు. ఇబ్బంది రెండోసారి వచ్చినప్పుడు మొదలైంది. ఆయనకు మొహాలు మరుపు రావు. మొక్క ఎలా ఉందని నిలదీసేవాడు.

"చచ్చిపోయిందండీ," అన్నారు లెక్కల మాస్టారు, అద్దంలోకి చూడకుండా.

"రణపాల చావదు మాస్టారూ. మీరు అబద్ధమైనా ఆడుతుండాలి, దాని మీద కుర్చీ అయినా వేసుకు కూర్చుని ఉండాలి," అని ఆయన ఒళ్ళో ఈసారి రెండు పెట్టాడు. పోస్ట్‌మాన్ తెలివైనవాడిననుకుని, తన ఇంట్లో ఇప్పటికే పదిహేనయ్యాయని చెప్పుకున్నాడు. "శభాష్! మరి పంచట్లేదేం? రోజూ వంద గుమ్మాలెక్కే మనిషివి," అని మామగారు అతని సంచిలో ఇంకో నాలుగు సర్దాడు.

నెల తిరిగేసరికి బల్ల ఖాళీగా కనిపించడం మొదలుపెట్టింది. పోస్ట్‌మాన్ వీధి మలుపులో సైకిలాపి, మెడ సాచి చూసి, బల్ల మీద మామగారి బట్టతల మెరవగానే సైకిలు వెనక్కి తిప్పేవాడు. ఒకరోజు అతను మొహం చాటేసుకుని పోతుంటే అల్లుడు వెనకనుంచి అతని మెడ చూశాడు. జుట్టు కొత్తగా కత్తిరించి ఉంది. మెడ మీద ఎడమవైపు కాస్త దిగిన గీత. ఆ గీత ఎవరిదో అల్లుడు నిద్రలో చూపించినా చెప్పగలడు. పక్క వీధిలో కటింగు షాపు పెట్టిన స్టయిలుది.

స్టయిలంటే ఆ షాపు పేరూ కాదు, ఆ మనిషి పేరూ కాదు. అతనూ అల్లుడూ ఒకే గురువు దగ్గర పని నేర్చుకున్నారు. ఆ రోజుల్లో వాడు దువ్వెనను చెవి మీద పెట్టుకుని తిరిగేవాడని అల్లుడు పెట్టిన పేరది, అలాగే అతుక్కుపోయింది.

ఆ సాయంత్రం అల్లుడు భార్య ముందు మొరపెట్టుకున్నాడు. "మీ నాన్నేగా. నువ్వే చెప్పు."

"మీ మామగారేగా, మీరే చెప్పండి," అందావిడ, మొక్కల మీదుగా జాగ్రత్తగా అడుగులేస్తూ. "పొద్దస్తమానం పరాయివాళ్ళ గొంతు మీద కత్తి పెడతారు, ఒక్క మాట చెప్పడానికి చేతులు వణుకుతున్నాయా?"

వణికాయి. అయినా మర్నాడు షాపులో ఎక్కణ్ణుంచో నరుక్కొచ్చాడు. "మామయ్యగారూ, ఇక్కడ ఫ్యాను గాలి మీకు పడట్లేదేమోనని..."

"ఆ ఫ్యాను తిరిగితే కదా అల్లుడూ, పడ్డం పడకపోవడం."

"అంటే... మొక్కలూ... వచ్చేవాళ్ళు కాస్త..."

మామగారు పళ్ళెంకేసి చూశాడు. "అర్థమైంది. స్టాపొచ్చింది, దిగమంటున్నావు," అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే అల్లుడికి ఆ రోజంతా మనసు మనసులో లేదు.

మర్నాడాయన షాపుకు రాలేదు. పళ్ళెం పట్టుకుని ఎటో వెళ్ళి సాయంత్రానికి బట్టతల చుట్టూ మిగిలిన జుట్టుకు నున్నగా క్రాఫు చేయించుకుని వచ్చాడు. భోజనాల దగ్గర నీళ్ళ చెంబు కోసం ఆయన పక్కకు తిరగగానే మెడ మీద ఎడమవైపు దిగిన గీత కనపడింది. అల్లుడు ముద్ద కంచంలోనే వదిలేశాడు.

"క్రాఫు ఎక్కడ చేయించుకున్నారు మామయ్యగారూ?"

"ఎక్కడో అక్కడ. తల నాదేగా."

కూతురు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరుగెత్తింది.

ఇక రోజూ అక్కడికే. మూడు వారాలు తిరక్కుండా పోస్ట్‌మాన్ వచ్చి అల్లుడి కుర్చీలో కూలబడి హమ్మయ్య అన్నాడు. "మీ మామగారు కులాసాగా ఉన్నారు. ఇప్పుడే చూసొస్తున్నా," అన్నాడు. ఆ వెనకే లెక్కల మాస్టారు. పది రోజుల్లో బల్ల మీద చోటు లేకుండా పోయింది.

సంతోషించాల్సిందే. కానీ షాపు ఏదో బోసిగా ఉంది. ఒకరు లేచి మరొకరు కూర్చునేటప్పుడు మామగారు బల్ల మీద చరిచి "రైట్ రైట్!" అనేవాడు. ఇప్పుడా మాట లేదు. జనం వారపత్రికలు తిరగేస్తూ ఆవులిస్తున్నారు. పైగా ప్రతివాడూ ఒకటే ప్రశ్న: పెళ్ళివారంతా పొరపాటున వేరే బస్సెక్కిన కథ ఆయన చెబుతుండేవారే, ఆ పెళ్ళికొడుకు చివరికి ఏ ఊళ్ళో దిగాడు? అల్లుడికి తెలియదు. కత్తెర చప్పుడుకు తను ఎప్పుడూ సగమే విన్నాడు.

ఒక మధ్యాహ్నం స్టయిలు స్వయంగా వచ్చాడు.

"ఒరేయ్, మీ మామగారిని తీసుకుపోరా బాబూ."

"నేను పంపలేదే. ఆయనంతట ఆయనే వచ్చాడు."

"నా షాపులో నాలుగు గోడలకీ అద్దాలు పెట్టించానా? ఒక్కో మొక్క నాలుగై కనపడుతోంది. అడవిలో కూచోబెట్టి గడ్డం గీస్తున్నట్టుందని అందరూ మళ్ళీ నీ దగ్గరికే వచ్చేస్తున్నారు."

"రావద్దని చెప్పలేకపోయావా?"

స్టయిలు నేలచూపులు చూశాడు. "ఆయన రోజూ కథ సగంలో ఆపి లేస్తాడ్రా. రేపు రావద్దంటే మిగతా సగం నాకెవడు చెబుతాడు?"

ఇద్దరూ పడీపడీ నవ్వారు. నవ్వయ్యాక అల్లుడు షాపు తలుపు దగ్గరగా వేసి అతని వెంట నడిచాడు.

మామగారు మూల కుర్చీలో పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. చుట్టూ అద్దాల్లో ఒక పాతికమంది మామగార్లు. వాళ్ళెవరి ముందూ ఒక్క మనిషైనా లేడు.

"రండి అల్లుడుగారూ," అన్నాడు, 'గారు' మీద బరువంతా వేసి.

"మామయ్యగారూ, రేపట్నుంచి మన షాపుకొచ్చెయ్యండి."

"మొక్కలు ఇవ్వకూడదుగా."

"ఇవ్వండి. కాకపోతే అడిగినవాళ్ళకే."

"ఎవరూ అడగరు," అన్నాడాయన. "నాకు తెలీదనుకున్నావా? చేతిలో ఏదో ఒకటి పెడితే తప్ప నాలాంటివాడితో మాట్లాడే తీరిక ఎవరికుంటుంది అల్లుడూ."

అల్లుడు దువ్వెన పట్టే చేత్తో తల గోక్కున్నాడు. "మొక్కల సంగతి నాకు తెలీదు కానీ, ఆ పెళ్ళికొడుకు ఎక్కడ దిగాడో చెప్పలేక ప్రాణం విసిగిపోతోంది. ఒక్కరూ సరిగ్గా కూర్చోవట్లేదు, తిరిగి తిరిగి అదే అడుగుతున్నారు. నిన్న ఒకాయన చెవి కాస్తలో తప్పింది."

మామగారు అతన్ని ఎగాదిగా చూశాడు. మీసం చివర నవ్వు కదిలింది. "దిగడం దాకా ఎక్కడ? దానికి ముందు టైరు పంక్చరైంది," అంటూ లేచాడు.

ఒప్పందం ప్రకారం పళ్ళేన్ని గుమ్మం బయట స్టూలు మీద పెట్టారు. కావలసినవాళ్ళు తీసుకోవచ్చు, మామగారు నోరెత్తకూడదు. వారమైంది. మొక్కలు పెరిగాయే కానీ ఒక్కటీ తగ్గలేదు. కబుర్లు వినడానికి జనం కిటకిటలాడుతున్నారు, స్టూలు వైపు మాత్రం ఎవరూ కన్నెత్తి చూడరు. మామగారు ఇచ్చిన మాట మీద నిలబడ్డాడు కానీ, కథ మధ్యలో గుమ్మంకేసి చూసి నిట్టూర్చేవాడు.

చివరికి కూతురే ఉపాయం చెప్పింది. ఒక అట్ట మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసి తండ్రి చేతికిచ్చింది: 'ఈ మొక్కలు ఎవరికీ ఇవ్వబడవు. చెయ్యి పెట్టరాదు.'

అట్ట పెట్టిన మర్నాడు రెండు మాయమయ్యాయి. ఆ పై రోజు ఐదు. మూడో రోజు సాయంత్రం అల్లుడు కుర్చీలో ఉన్నాయన చెవి వెనక కత్తెర ఆడిస్తూ అద్దంలో చూస్తే, ఎవరో తెలియని పెద్దమనిషి అటూ ఇటూ చూసి, ఒక మొక్కను టోపీలో దాచుకుని గబగబా వెళ్ళిపోతున్నాడు. మామగారు గోడవైపు తిరిగి కూర్చుని, ఏమీ ఎరగనట్టు వారపత్రిక చదువుతున్నాడు. పత్రిక తలకిందులుగా ఉంది.

"దొంగలు ఎక్కువైపోయారల్లుడూ ఈ వీధిలో," అన్నాడు ఇంటికి వెళ్తూ, ఖాళీ పళ్ళేన్ని మద్దెలలా వాయించుకుంటూ.