పరంధామయ్య వెనకాల అడుగులు

నేను ఒక జత బూట్లను. జతే అయినా ఒకరిగానే మాట్లాడతాను. ఎడమ, కుడి అని విడదీసుకుంటే ఆలోచన సాగదు. న్యాయంగా అయితే ఏ బూట్లూ నడవనంత దూరం నేను నడిచి ఉండాలి. హంతకులతో సందులు తిరిగాను, పోలీసులతో పరిగెత్తాను, జమీందార్లతో మేడమెట్లు ఎక్కాను, దిగాను. కాని ఇరవై రెండేళ్లలో నేను కదిలిన మేర మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. మద్రాసులో, కోడంబాకం దగ్గర ఒక రికార్డింగ్ థియేటర్లో, మైకు ముందు పరిచిన నాపరాయి మీద, దాని పక్కన చెక్క పలక మీద, ఇసుక తొట్టిలో నా జీవితం గడిచింది. తెర మీద ఎవరో నడిచేవారు. చప్పుడు నాది.

నన్ను తయారుచేసింది పెరియమేటలో మునుసామి అనే పనివాడు. ఒక డిటెక్టివ్ పిక్చరు హీరో కోసం ఆర్డరిచ్చారు. మందమైన తోలు, మడమకి ఇనప లాడం. నడిస్తే నేరస్థుడి గుండె జారిపోవాలని మునుసామికి చెప్పారట. అతను ఆ మాట నమ్మి మూడు రోజులు నా మడమలో మేకులు దిగగొట్టాడు. హీరోగారు నన్ను ఒక్కసారి తొడుక్కుని, "కరుస్తున్నాయి" అని విడిచేశారు. నేరస్థులను భయపెట్టవలసిన నేను ఆయన చిటికెన వేలిని మాత్రమే భయపెట్టగలిగాను. ఆ తర్వాత రెండేళ్లు కాస్ట్యూమ్ గదిలో అట్ట కిరీటాల కింద పడి ఉన్నాను.

అక్కడి నుంచి నన్ను తీసినవాడు గవర్రాజు. నరసాపురం వైపు మనిషి. నటుడవుదామని మద్రాసు వచ్చి, చివరికి నటులందరికీ కాళ్లయ్యాడు. సినిమా తీసేటప్పుడు అడుగుల చప్పుడు సరిగా పడదు. తర్వాత బొమ్మ చూస్తూ ఎవరో ఒకరు మైకు ముందు నడవాలి. ఆ ఎవరో ఒకరు గవర్రాజు. ఆ రోజు ఆయన ఇరవై జతలు ముందేసుకుని, కళ్లు మూసుకుని, ఒక్కొక్క మడమనీ చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో కొట్టి చూశాడు.

"ఏం గవర్రాజూ, బూట్లు ఏరుతున్నావా, కొబ్బరికాయలు ఏరుతున్నావా?" అన్నాడు కాస్ట్యూమర్.

"నీళ్లున్న కాయ దొరికిందండి," అన్నాడు గవర్రాజు, నన్ను ఒళ్లో పెట్టుకుని.

చెవితో నన్ను ఎంచుకున్నాడు. నేను మరిచిపోలేని సంగతి ఇదొక్కటే.

మనుషులు సాధారణంగా తమ అడుగుల చప్పుడు తాము వినరు. వింటున్నారంటే భయపడుతున్నారన్నమాట. భయం లేకుండా విన్నవాణ్ణి గవర్రాజునే చూశాను. తాగినవాడి నడక, భార్యకి అబద్ధం చెప్పి వచ్చినవాడి నడక, ఉరికంబం వైపు నడక, అన్నీ ఆయన మోకాళ్లలో సిద్ధంగా ఉండేవి. తనదంటూ ఒక నడక ఉందో లేదో మాత్రం నాకు చాలాకాలం తెలియలేదు.

మా సహవాసంలో పంతొమ్మిదో ఏట, అందరికంటే ముందు నా మడమకి తెలిసింది. ఏడాదికోసారి మార్చే లాడం మూడు నెలలకే అరిగిపోయింది. గవర్రాజు గట్టిగా అడుగు వేస్తున్నాడు. కోపమేమో అనుకున్నాను. కాదు. నన్ను వినడానికి ప్రయత్నిస్తున్నాడు.

మధ్యాహ్నం క్యారేజీ తెచ్చే ఆయన భార్య మంగతాయారు, పక్కన కూర్చోవడం మానేసి ఎదురుగా కూర్చుని, ముఖం చూస్తూ నిదానంగా మాట్లాడటం మొదలుపెట్టింది.

"డాక్టరు దగ్గరకెళ్దామండీ."

"వెళ్తే తెలిసిపోద్దే."

"తెలియడానికే కదండీ వెళ్లేది."

"మనకి కాదే. ఈళ్లకి."

తెలిస్తే పని పోతుంది. చెవి లేనివాణ్ణి మైకు ముందు ఎవరూ నిలబెట్టరు. ఇంకో పని ఆయనకి రాదు. నిజం చెప్పాలంటే, ఇంకో మనిషి కావడం ఆయనకి రాదు. అందుకని దాచాడు. దాచడం అంత కష్టం కూడా కాలేదు. తెర మీద నటుడి కాళ్లు కనిపిస్తూనే ఉంటాయి; కాలు పడినప్పుడు తాను కాలు వేస్తే చాలు. మూడేళ్లు కళ్లతోనే విన్నాడు.

అప్పుడు వచ్చింది 'పొగమంచులో పరంధామయ్య'. పాత నలుపు తెలుపు డిటెక్టివ్ పిక్చర్లను వెక్కిరిస్తూ తీసిన హాస్యచిత్రం. డిటెక్టివ్ పరంధామయ్య మద్రాసు మే నెలలో ఓవర్‌కోటు తొడుక్కుని, టోపీ కళ్ల మీదకి లాక్కుని, చెమట తుడుచుకుంటూ హంతకుడి కోసం తిరుగుతుంటాడు. తెల్లచీర కట్టిన అందగత్తె వచ్చి అబద్ధం చెబుతుంది, ఆయన నమ్ముతాడు, ఇంకొకామె వచ్చి ఇంకో అబద్ధం చెబుతుంది, అదీ నమ్ముతాడు. పొగమంచు కోసం సెట్లో బుట్టలకొద్దీ సాంబ్రాణి వేస్తే, హంతకుడితో సహా యూనిట్ అంతా దగ్గిందట. దర్శకుడు విఠల్‌కి ముప్ఫై దాటలేదు. ఇదే అతని మొదటి పిక్చరు.

"ఇందులో హీరో పరంధామయ్య కాదండీ గవర్రాజు గారూ, చీకటి," అన్నాడు. "మనిషి కాళ్లు ఎక్కడా కనపడవు. అంతా పొగే. వాడెక్కడున్నాడో మీ అడుగులే చెప్పాల."

గవర్రాజు అతని పెదవుల వంకే చూస్తూ, "అలాగేనండి బాబూ," అన్నాడు. నా లోపల ఆయన పాదం చల్లబడింది.

కాళ్లు కనిపించనప్పుడు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, షూటింగులో పడిన పాత శబ్దాన్ని వింటూ దాని ప్రకారం నడవాలి. ఆయన హెడ్‌ఫోన్లను రెండు చేతులతో చెవులకి అదుముకున్నాడు. ఏమీ వినిపించలేదని అరికాలి చెమట చెప్పింది. తెర మీద పొగ, పొగ మీద ఒక టోపీ, ఒక జత భుజాలు. ఆయన భుజాలను పట్టుకున్నాడు. భుజం కదిలినప్పుడు నన్ను నాపరాయి మీద వేశాడు. కాని మనిషి నడకలో భుజం కాలి తర్వాత కదులుతుంది. నేల తాకిన బరువు పైదాకా ఎక్కాలి కదా. అందువల్ల నేను ప్రతి అడుగూ ఒక్క వెంట్రుకవాసి ఆలస్యంగా పడ్డాను. సందు చివర పరంధామయ్య ఆగాడు. అతను ఆగాక నా అడుగు ఇంకొకటి పడింది.

గాజు అద్దం వెనక విఠల్ బల్ల మీద తల వాల్చి నవ్వుతున్నాడు. పక్కన సౌండ్ ఇంజనీరు కృష్ణమాచారి కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటున్నాడు. నవ్వుతున్నవాళ్లను చూస్తూ, ఎందుకో తెలియనివాడి పాదాలు ఎలా ఉంటాయో నాకు తెలుసు. వేళ్లు లోపలికి ముడుచుకుంటాయి.

విఠల్ బయటికి వచ్చి ఆయన చేతులు పట్టుకున్నాడు.

"ఎట్లా తట్టిందండీ మీకిది? వాడి అడుగులే వాణ్ణి వెంటాడుతున్నయ్. మూడు నెలలు కూర్చుని రాశానండీ, ఇది తట్టలేదు నాకు."

"ఏదో, అలా వచ్చిందండి," అన్నాడు గవర్రాజు.

ఆ పొగడ్త ఆయన తీసుకున్నాడు. తీసుకోకపోతే ఏం చెప్పాలి? తన లోపాన్ని ఎదుటివాళ్లు ప్రతిభ అంటున్నప్పుడు మనిషికి కలిగే ఒంటరితనం, తిట్టు తిన్నప్పటి ఒంటరితనం కంటే లోతైనది. తిట్టులో కనీసం నిజం ఉంటుంది.

విఠల్ కొత్త షాట్లు తీశాడు. పరంధామయ్య ఆగి, వెనక్కి తిరిగి, ఖాళీ సందు మీద పిస్తోలు గురిపెడతాడు. నాలుగడుగులు వేసి మళ్లీ తిరుగుతాడు. ఇక ఆఖరి రీలు కూడా మార్చాడు.

"పిక్చరంతా అడుగులు లేటండీ. చివర్లో మాత్రం ఇరవై ఆరడుగులు, ఒక్కటి కూడా తప్పకుండా వాడి కాళ్లతోనే పడాల. తనని వెంటాడేది తనేనని వాడికి అప్పుడు తెలుస్తది. అక్కడ హాల్లో నవ్వు ఆగాల. మీరు తప్ప ఇంకెవరూ చెయ్యలేరది."

అదే సంగతి. తప్పు చేసినందుకు మెచ్చుకుని, ఇప్పుడు ఒప్పు చెయ్యమన్నారు.

మూడు రోజులు గవర్రాజు భోజనం వేళ ఆ రీలు వేయించుకుని చూశాడు. పొగ ఎడమకి తిరిగితే ఏడో అడుగు. వీధిదీపం దాటితే పదమూడు. ఆయన బొటనవేలు నా లోపల అంకెలు చదువుకునేది. టేకు మొదలైతే పన్నెండు దాకా బాగానే వచ్చేవాళ్లం. కాని భయపడుతున్న గుండె, తిరుగుతున్న మిషను ఒకే వేగంతో పోవు. ప్రతిసారీ పదమూడు దగ్గర విడిపోయేవాళ్లం. పదకొండు టేకులయ్యాయి. విఠల్ ముఖంలో మొదట ఆశ్చర్యం, తర్వాత మర్యాద కనిపించాయి. మర్యాద వచ్చిందంటే నమ్మకం పోయినట్టే. అతను టీ తాగడానికి బయటికి వెళ్లాడు.

గవర్రాజు వంగి నా లేసులు బిగిస్తున్నాడు. కృష్ణమాచారి అద్దాల గదిలోంచి వచ్చి వెనక నిలబడ్డాడు.

"గవర్రాజూ, నీ పంచెకి నిప్పంటుకుందోయ్."

ఈయన లేసు బిగిస్తూనే ఉన్నాడు.

"గవర్రాజూ." ఈసారి మెల్లగా. "మీ ఆవిడ వచ్చింది."

ఈయన రెండో ముడి వేశాడు.

ఆచారి ముందుకు వచ్చి గొంతుక్కూర్చున్నాడు. ఆ పిక్చరు మొత్తంలో జరిగిన అసలు పరిశోధన ఇదొక్కటే. నేరం రుజువైంది, పట్టుకున్నవాడి ముఖమే నేరస్థుడి ముఖంలా ఉంది.

"ఎన్నాళ్లయింది?"

గవర్రాజు ఆయన పెదవులు చదివాడు. "మూడేళ్లండి."

"నాతో చెప్పొచ్చు కదవోయ్."

"చెబితే మీరు మైకు ఆపేత్తారండి."

ఆచారి లేచి, అద్దాల గది వైపు తిరిగాడు.

"ఇంకొక్క టేకండి, ఆచారి గారూ. ఒక్కటి."

ఇచ్చాడు. గవర్రాజు ఈసారి నన్ను విప్పి, వట్టి పాదాలతో ఆ నాపరాయిని ఒకసారి తడిమి, మళ్లీ తొడుక్కున్నాడు. పది, పదకొండు, పన్నెండు. పదమూడు దగ్గర ఆయన వెయ్యలేదు. ఒక కాలు గాలిలో ఉండగా ఆగిపోయాడు. తెర మీద భుజాలు పొగలోకి వెళ్లిపోయాయి.

మర్నాడు పక్క స్టూడియోలో ఇదే అడుగుల పని చేసే ఓబులేసు వచ్చాడు. అతని పాదం చిన్నది. నా ముందు భాగంలో పాత పేపరు కుక్కుకున్నాడు. ఇరవై ఆరు అడుగులూ మొదటి టేకులోనే పడ్డాయి. సిగ్గుపడవలసినంత బాగా మోగాను. గవర్రాజు మూల కుర్చీలో కూర్చుని, తెర మీది భుజాలనీ నేల మీది నన్నూ మార్చి మార్చి చూశాడు. ఆయనకి జ్వరమని విఠల్‌తో చెప్పారు. సాయంత్రం ఆచారి నన్ను గుడ్డలో చుట్టి ఆయన చేతిలో పెట్టాడు.

"తీసుకెళ్లు. ఇంకెవరికీ పట్టవివి."

పేపరు నా లోపలే ఉండిపోయింది.

పిక్చరు మౌంటురోడ్డు థియేటర్లో ఉదయం ఆటగా పడింది. గవర్రాజు పేపరుతో సహా నన్ను తొడుక్కుని, మంగతాయారుతో వెళ్లాడు. అప్పుడే మొదటిసారి నేను రోడ్డు చూశాను. హాల్లో ఆయన తెర వైపు చూడలేదు. రెండు పాదాలూ నేలకి గట్టిగా ఆనించి, పక్కవాళ్ల భుజాలు చూశాడు. అడుగు ఆలస్యంగా పడినప్పుడల్లా నవ్వు నేలలోంచి వచ్చి, నా తోలు దాటి ఆయన అరికాలికి చేరేది. ఆ నవ్వంతా ఆయనదే. ఆఖరి రీల్లో నేల కదలడం మానేసింది.

"పడ్డాయా?" అని భార్యని అడిగాడు.

ఆమె తెర వెలుగులోకి ముఖం తిప్పింది. "పడ్డాయండి."

"పదమూడోదో?"

"అదీ పడింది."

బయట మిట్టమధ్యాహ్నపు ఎండ. పంచె కింద బూట్లతో ఆయన ముందు నడుస్తున్నాడు. నాలుగడుగులు వేసి ఆగి, వెనక్కి తిరిగి చూశాడు. ఏమీ లేదు. చెవి లేనివాడికి వీధంతా వెనకే ఉంటుంది. కారు మీదకి వచ్చేదాకా తెలియదు. ఇంకో నాలుగడుగులు వేసి మళ్లీ తిరిగాడు. అదే ఆట చూసి వస్తున్న ఇద్దరు ఆగారు.

"ఒరేయ్, పరంధామయ్యని చూడరా," అన్నాడు ఒకడు. ఇద్దరూ నవ్వారు.

ఆయనకి ఆ నవ్వు కనిపించింది. నాకేమైనా అయిందేమోనని వంగి నన్ను చూశాడు. తర్వాత నాకు అర్థమైంది. అది ఆయన సొంత నడక. ఇన్నేళ్లకి నేను మొదటిసారి చూస్తున్నాను. మంగతాయారు చీరకొంగు బిగించి ఆయన వెనక్కి వచ్చి నిలబడింది.

"మీరు నడవండి," అంది వెనక నుంచి. "ఎనకాల నేనున్నాను."

నాలుగడుగులు వేసి ఆయన మళ్లీ తిరిగి చూశాడు.

ఇప్పుడు నేను మంచం కింద ఉంటున్నాను. లాడానికి తుప్పు పట్టింది. ఒక్కో మధ్యాహ్నం ఆయన నన్ను పైకి తీసి, కళ్లు మూసుకుని, మడమని చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో కొడతాడు. నేను మోగుతాను. ఆయన కాసేపు ఆగి, ఇంకాస్త గట్టిగా కొడతాడు.