రెండు సెకన్ల తమస్సు

రామాంజినప్ప ఉద్యోగం పోవడానికి ఇంకా నలభై నిమిషాలుంది. ఆ సంగతి పైన గాజు గదిలో కూర్చున్న ముగ్గురికి తెలుసు. కింద నాలుగో నంబరు ప్రెస్ దగ్గర రేకులు వంచుతున్న రామాంజినప్పకి తెలియదు.

తీర్పు చెప్పింది మనిషి కాదు. మహదేవపురలో ఓంకార్ అనే మేధావి తయారు చేయించిన 'గుణదర్శిని' అనే సాఫ్ట్‌వేర్. కెమెరాలు చూసి, హాజరు చూసి, సూపర్‌వైజర్ నివేదికలు చూసి, ఏ కార్మికుడిలో సత్త్వం, రజస్సు, తమస్సు ఎంతెంత పాళ్లలో ఉన్నాయో అది రోజూ లెక్క కడుతుంది. రజస్సైనా తమస్సైనా ఎనభై శాతం దాటితే వారంలోగా ఆ మనిషి వల్ల ప్రమాదం జరుగుతుందని హెచ్చరిస్తుంది. రామాంజినప్పకి తమస్సు తొంభై ఒకటి వచ్చింది.

ఓంకార్ సాంఖ్య దర్శనం చదివింది విమానంలో, ఢిల్లీలో దిగేలోగా. సంభావ్యత శాస్త్రం ఆ మాత్రం కూడా చదవలేదు. అందుకు వరూధినిని పెట్టుకున్నాడు. కాకినాడ పిల్ల, స్టాటిస్టిక్స్‌లో గోల్డ్ మెడల్. ప్రమాదాల రికార్డు కావాలని ఆమె అడిగితే త్రిగుణాల మీద నాలుగు పేజీల పీడీఎఫ్ పంపాడు. ఆమె దాంతోనే సమీకరణాలు రాసింది. జీతం బాగుంటే గోల్డ్ మెడల్ కూడా సర్దుకుపోతుంది.

"ఆలస్యం తమోగుణ లక్షణం సార్. ఈయన ప్రతి ముక్కకీ రెండు సెకన్లు చేతులు వెనక్కి తీసుకుని ఊరికే నిలబడతాడు. కెమెరా పట్టేసింది" అన్నాడు ఓంకార్.

ఫ్యాక్టరీ యజమాని అశోక్‌కుమార్ గడ్డం గోక్కున్నాడు. "మా నాయన కాలం నుంచీ ఉండాడప్పా ఆయప్ప. ఇరవై మూడేండ్లు. ఒక్క దినం లేటు లేదు."

"అదే ప్రాబ్లెమ్ సార్. ఎమోషన్‌తో చూస్తే మంచోడు. డేటాతో చూస్తే టైమ్ బాంబ్."

"సూపర్‌వైజర్‌తో మూడుసార్లు గలాటా చేసినాడంట. అదీ తమస్సేనా?"

"అది రజస్సు సార్. గొడవ చేస్తే రజస్సు, ఊరికే ఉంటే తమస్సు."

"ఇంకేం చేస్తే సత్త్వమప్పా?"

"టార్గెట్ కొడితే" అన్నాడు ఓంకార్ తడుముకోకుండా.

పన్నెండింటికి డెమో. సత్త్వం ఎనభై ఎనిమిది వచ్చిన రియాజ్‌ని నాలుగో నంబరు మీద పెట్టి, అరగంటలో ఎన్ని ముక్కలు ఎక్కువ వస్తాయో చూపిస్తారు. తర్వాత రామాంజినప్పకి లెటర్. అది అప్పటికే టైపయి అశోక్‌కుమార్ జేబులో ఉంది.

వరూధిని మూల కుర్చీలో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమెకి ఆ రెండు సెకన్లు నచ్చలేదు. బద్ధకం అంత కొలత పెట్టినట్టు ఉండదు. బద్ధకస్తుడు ఒకసారి రెండు సెకన్లు ఆగుతాడు, ఒకసారి పది, ఒకసారి బీడీకి వెళ్లిపోతాడు. ఇతను వేల ముక్కలకి వేల సార్లు సరిగ్గా రెండే సెకన్లు ఆగాడు. అది కూడా పదకొండు రోజుల నుంచే. అంతకుముందు ఆగలేదు.

పదకొండు రోజుల కిందటి వీడియో తెరిచింది. ప్రెస్ దిగింది, లేచింది. రామాంజినప్ప కాలు పెడల్ మీద లేదు. ముక్క తీయడానికి చెయ్యి ముందుకు చాచాడు. ప్రెస్ తనంతట తానే మళ్లీ దిగింది. అతని వేళ్లకీ దానికీ మధ్య అంగుళం ఖాళీ.

ఆ రోజు నుంచే అతను ఆగడం మొదలుపెట్టాడు. మూడు 'గలాటా'లూ ఆ తర్వాతి మూడు రోజుల్లోవే.

ఓంకార్‌ని పక్కకి లాగింది. "అది లేజీనెస్ కాదు. మెషీన్ రిపీట్ అవుతోంది. రెండో దెబ్బ పడుతుందేమోనని వెయిట్ చేస్తున్నాడు. డెమో ఆపు."

"ఎన్నిసార్లు రిపీట్ అయింది?"

"ఐదు. పదకొండు రోజుల రికార్డులో, ముప్ఫై వేల స్ట్రోక్స్‌లో."

"అంటే ఆరు వేలకి ఒకటి. అరగంటలో అంత స్ట్రోక్స్ ఎక్కడివి? నువ్వే స్టాటిస్టిక్స్ మర్చిపోతే ఎలా వరూధినీ?" నవ్వాడు. "క్లయింట్ ముందు మోడల్‌ని డౌట్ చేయకు."

ఆమె అద్దంలోంచి కిందికి చూసింది. రియాజ్ అప్పటికే ప్రెస్ ముందున్నాడు. మెట్ల వైపు పరుగెత్తింది.

కింద రామాంజినప్ప పక్కన నిలబడి చెబుతున్నాడు. "రియాజూ, రెండు లెక్కపెట్టి చెయ్యి పెట్రా. డబుల్ కొడతా ఉండాది."

"పైనుంచి చూస్తా ఉండారు మామా! నాది సత్త్వమంట. నీ తమస్సు నాకు అంటించొద్దు" అని రియాజ్ నవ్వి వేగం పెంచాడు.

"స్టాప్! స్టాప్!" వరూధిని అరుపు ఆ మోతలో ఎవరికీ వినపడలేదు. గోడ మీద ఎర్ర బటన్ కనిపించింది. అరచేత్తో గుద్దింది. మోటారు మోత తగ్గింది.

ఆమె గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. గోల్డ్ మెడల్‌కి తెలియని సంగతి ఒకటుంది. మోటారు ఆగినా పక్కనున్న పెద్ద చక్రం ఆగదు. అది తిరుగుతున్నంతసేపూ ప్రెస్‌కి బలం ఉంటుంది. రియాజ్ కూడా ఆ తొందరలో మరిచిపోయాడు. మిషన్ ఆగింది కదా అని, ఇరుక్కున్న ముక్క పీకడానికి డై అచ్చుల మధ్యలో చెయ్యి పెట్టాడు.

రామాంజినప్ప లెక్కలేం వేయలేదు. రియాజ్ కాలర్ పట్టి వెనక్కి ఈడ్చాడు. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు.

ధన్‌మని ప్రెస్ దిగింది. పెడల్ దగ్గర ఎవరూ లేరు.

రియాజ్ కూర్చుని, కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటే ముడిచి చూసుకున్నాడు. "మామా..." అన్నాడు.

అశోక్‌కుమార్ మెట్లు దిగి వచ్చాడు. వెనకే ఓంకార్. అతని ముఖం వెలిగిపోతోంది.

"చూశారా సార్! వారంలోగా నాలుగో నంబరు దగ్గర ప్రమాదం అన్నాం. మోడల్ నూటికి నూరు కరెక్ట్!"

అశోక్‌కుమార్ అతన్ని చూడలేదు. సూపర్‌వైజర్ వెంకటరాయప్పని పిలిచాడు. "ప్రెస్ తనంతట తానే దిగతా ఉండాదని ఈయప్ప నీకు చెప్పినాడా లేదా?"

"చెప్పినాడు సార్. క్లచ్ పోయిందని, మూడుసార్లు."

"మరి గలాటా అని ఎందుకు రాసినావు?"

వెంకటరాయప్ప తల గోక్కున్నాడు. "మిషన్ రిపేరని నేను రాస్తే, నేను కంప్లయింట్ చేసినట్టు లెక్క సార్. నాకు రజస్సు పెరుగుతాది. పోయిన నెలే డెబ్బై ఉండె. ఇంకో పది పెరిగితే నన్నే పీకేస్తారంట కదా."

"సార్, దీన్ని రీక్యాలిబ్రేట్ చేసేద్దాం" ఓంకార్ అడ్డం వచ్చాడు. "రామాంజినప్పగారికి సత్త్వం తొంభై ఐదు ఇచ్చేస్తాం. ఇప్పుడే. వరూధినీ, మార్చు."

"మార్చను" అంది వరూధిని. "సార్, వెంకటరాయప్పగారు రాసిందే ఈ సాఫ్ట్‌వేర్ నమ్మింది. ఆయన ఇదేం చేస్తుందోనని భయపడి రాశారు. ఇందులో మనిషి గుణం ఎక్కడా లేదు. దీని సమీకరణాలు రాసింది నేనే."

"నడవప్పా బయటికి" అన్నాడు అశోక్‌కుమార్, ఓంకార్‌తో. "నీ కెమెరాలు విప్పుకొని పో. లేకుంటే మావోళ్లే విప్పుతారు. వాళ్లది రజస్సో తమస్సో తర్వాత లెక్క కట్టుకో."

లేచి నిలబడిన రియాజ్‌ని చూసి ఓంకార్ గుమ్మం వైపు నడిచాడు.

అశోక్‌కుమార్ జేబులోంచి లెటర్ తీసి నాలుగు ముక్కలు చేశాడు. రామాంజినప్పకి అప్పుడు అర్థమైంది, అది తనదేనని.

"ఇంటికి పంపాలనుకొన్నారా సార్, నన్ను?"

"తప్పయిపోయిందప్పా. పోయి నీ పని చూసుకో. క్లచ్ మారినంక నువ్వు సరే అంటేనే నాలుగో నంబరు నడిచేది."

రామాంజినప్ప కదల్లేదు. "ఆ మాట కాగితం మీద రాసీయండి సార్."

"నా మాట మీద నమ్మకం లేదా?"

"ఇరవై మూడేండ్లు నమ్మినాను సార్. రాసీయండి."

వరూధిని పుస్తకంలోంచి కాగితం చించి ఇచ్చింది. అందరూ చూస్తుండగా అశోక్‌కుమార్ ప్రెస్ బల్ల మీద పెట్టి రాసి, సంతకం చేశాడు. రామాంజినప్ప దాన్ని వెలుగులోకి పట్టుకుని, పెదవులు కదుపుతూ రెండుసార్లు చదివాడు.

"తేదీ వెయ్యలేదు సార్" అని వెనక్కి ఇచ్చాడు.