నూట ఎనభై గ్రాముల గొంతు

కారు ఏసీ విప్పి, రవ్వంత గ్యాస్ కూడా గాల్లోకి పోనివ్వకుండా మళ్ళీ బిగించగల మొనగాడు ఆ ఊరు మొత్తానికి ఒక్కడే. ఆ మాట అనేది కూడా ఆ ఒక్కడే. వినీ వినీ విసిగిన జనం అతనికి చల్లనయ్య అని పేరు పెట్టారు. ఆ ఉదయం మన మొనగాడు పనికి పెట్టుకునే కళ్ళద్దాలు కనపడక షెడ్డంతా తిరగేశాడు. అవి నెత్తిమీదే ఉన్నాయని చివరికి భార్య చెప్పాల్సివచ్చింది.

మామూలు రోజైతే ఆమె వారం పాటు ఏడిపించేది. ఆ రోజు అంత ఓపిక లేదు. ఎదురుగా వాళ్ళ నాన్న టాక్సీ, పక్కన స్టూలు మీద వాళ్ళ నాన్న. ఏడాది కిందట గొంతుకి ఆపరేషనయ్యాక ఆయనకి మాట పోయింది. అయినా టాక్సీ ఆగలేదు. అద్దాలెత్తి, ఏసీ వేసుకుని మాట్లాడిన మాటలు ఆ గ్యాస్‌లో చేరి ఉండిపోతాయన్నది అందరికీ తెలిసిందే. ఆయన పెదాలు కదిపితే చాలు, తగిన మాట ఏసీ గాలిలోంచి ఆయన గొంతుతోనే వచ్చేది. ఎక్కినవాళ్ళు చిరునామా చెప్పేసి ఫోను చూసుకునేవాళ్ళు.

ఈమధ్య గాలి వేడెక్కింది, మాటలూ తగ్గాయి. "ఎక్కడికండీ" అనబోతే "ఎక్క" దగ్గరే ఆగిపోతోంది. టాక్సీ ఆఫీసు మేనేజరు మర్నాడు పొద్దున వచ్చి కార్లో కూర్చుని చూస్తానన్నాడు. ఎక్కినవాళ్ళతో మాట్లాడలేని డ్రైవరుని ఉంచుకోనని కూడా ముందే చెప్పేశాడు.

చల్లనయ్య షెడ్డు తలుపులు రెండూ బార్లా తెరిచి, చేతులకి తొడుగులేసుకున్నాడు. పైపుల మీద సబ్బు నురగ రాశాడు. ముందువైపు అతుకు దగ్గర ఒక బుడగ ఉబ్బి, పగిలి, "కుడి" అంది. ఇంకోటి పగిలి "పక్కకి" అంది. మావగారు గబుక్కున లేచి ఆ అతుక్కి అరచెయ్యి అడ్డం పెట్టబోయాడు.

"వద్దు మావయ్యా, గ్యాస్ తగిలితే ఆ చల్లదనానికే చెయ్యి కాలుతుంది."

ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తన గొంతు బుడగ బుడగగా పోతుంటే వినడం తప్ప చేసేదేముంది?

వేరేవాళ్ళ మాటలు కలవకుండా చల్లనయ్య ఖాళీ సిలిండరొకటి తెచ్చి మెషిన్‌కి తగిలించాడు. మెషిన్ గుర్రుమంటూ కార్లో ఉన్న గ్యాసంతా లాగేసింది. తూకం నూట ఎనభై గ్రాములు. బానెట్ కింద అంటించిన కాయితం మీద ఐదొందలని ఉంది.

"ఇంతేనా?" అంది భార్య. "నాన్న ఈ కారు పదేళ్ళు నడిపాడు. అసలే వాగుడుకాయ. పదేళ్ళ మాటలు ఇంతేనా?"

"లీకు," అన్నాడు చల్లనయ్య, ఆమె వంక చూడకుండా.

తనని పిలిచిన పిలుపొక్కటైనా అందులో మిగిలిందేమో వినిపించమని ఆమె అడిగింది. సిలిండర్లో ఉన్నది వినాలంటే బయటికి వదలాలి, వదిలితే ఇక ఉండదు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. అడిగి, తనే తల అడ్డంగా ఊపుకుంది.

చల్లనయ్య అతుకులో పగిలిన రబ్బరు రింగు తీసి కొత్తది వేశాడు. పైపుల్లో గాలీ తేమా మిగలకుండా పంపు పెట్టి అరగంట లాగించాడు. తర్వాత పంపు ఆపి, మీటరు ముందు గొంతుక్కూర్చున్నాడు. రెండు నిమిషాలు నోరు మూసుకోలేని మనిషి, ముల్లు కదలకూడదని ముల్లుకన్నా కదలకుండా ఉన్నాడు. అది కదల్లేదు, అంటే ఇక లీకు లేదు. నూట ఎనభై తిరిగి ఎక్కించి, పైన మూడొందల ఇరవై కొత్తది తూకం ప్రకారం కలిపాడు. కొత్త గ్యాస్ మూగది. ఉన్న మాటలే పలచగా సర్దుకోవాలి.

మర్నాడు మేనేజరు వెనక సీట్లో కూర్చుని తలుపు ధడాలున వేశాడు. గాలి ఎంత చల్లగా వస్తోందో చూసే వంకతో చల్లనయ్య ముందు సీట్లో ఎక్కాడు. మావగారు పెదాలు కదిపాడు.

"తలుపు మెల్లగా వెయ్యండి బాబూ," అంది గాలి, సన్నగా. "ఎక్కడికండీ?"

రెండు వీధులు దాటాక మేనేజరు కాలరు వదులు చేసుకుని, గాలి హాయిగా ఉంది, ఎవరు బాగుచేశారని అడిగాడు. మావగారి పెదాలు మళ్ళీ కదిలాయి.

"మా అల్లుడండీ. రవ్వంత గ్యాస్ కూడా గాల్లోకి పోనివ్వడు. ఊరు మొత్తానికి వాడొక్కడే."

చల్లనయ్య చెవులు ఎర్రబడ్డాయి. ఆ మాట అనేది తనొక్కడే అనుకున్నాడు ఇన్నాళ్ళూ.

మేనేజరు డ్రైవరుని ఉంచుకుంటున్నట్టు ఒక కాయితం మీద సంతకం పెట్టి ఇచ్చి, దిగి, ఈసారి తలుపు మెల్లగా వేసి వెళ్ళాడు. మావగారు ఆ కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు. అల్లుడి భుజం తట్టబోయాడు.

"మావయ్యా, పదేళ్ళ మాటలు లీకయి పోలేదు," అన్నాడు చల్లనయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ. "ఆపరేషనుకి నెల ముందు ఈ కారు తెచ్చారే, ఆ రోజు మెషిన్ వేరే బండికి పెట్టి ఉంది. స్క్రూడ్రైవరుతో గ్యాస్ పైపు మూతిలో పిన్ను నొక్కి అంతా గాల్లోకి వదిలేశాను. పాటలు, జోకులు, అమ్మాయిని పిలవడాలు, అన్నీ నిలబడి విన్నాను. మధ్యలో ఆపచ్చు. ఆపలేదు. మీకు మిగిలింది ఆ తర్వాతి నెల మాటలే."

మావగారి పెదాలు కదిలాయి. గాలి వచ్చింది గానీ మాట రాలేదు. అడగాల్సిన మాట ఆ నూట ఎనభైలో లేనట్టుంది. చేత్తోనే అడిగాడు, ఎందుకని.

"భోజనం చల్లారిపోతోందని."