ఎర్ర తెర, నీలం తెర

మూడో మనిషిని కూడా ఆసుపత్రిలో చేర్చారని ఫోన్ వచ్చేసరికి ఆరోగ్య కార్యాలయం అధికారి మినెగిషి మా విడిది గుమ్మానికి మూసివేత కాగితం అంటిస్తున్నాడు.

ఫోన్ ఎత్తింది నేనే. నా పేరు ఓరియే, ఇరవై రెండేళ్ళుగా ఈ వేడినీటి ఊటల విడిదిలో పనివాళ్ళకు పెద్దని. కుండలు చేసుకునే ఆవిడట. మొదట పడిపోయిన రిటైర్డు టీచరమ్మ, తర్వాత లారీ డ్రైవరు, ఇప్పుడు ఈవిడ. ముగ్గురిదీ ఒకటే జబ్బు, న్యుమోనియా. ముగ్గురూ మా తొట్లలో స్నానం చేసి వెళ్ళినవాళ్ళే.

మా యజమానురాలు తజుకో అమ్మగారు నా ముఖం చూసి విషయం అర్థం చేసుకుంది.

"ఓరియే, పత్రికలవాళ్ళు ఎన్నింటికి వస్తున్నారు?"

"పదింటికి అమ్మగారూ."

అమ్మగారు ఇవావో తాత వైపు తిరిగింది. తొట్ల పని చూసేది ఆయనే. నలభై ఒక్కేళ్ళుగా చూస్తున్నాడు. పొద్దున ఆరింటికే బట్టల మూట కట్టుకుని, బయటికి వెళ్ళే బూట్లు వేసుకుని, చెప్పుల బల్ల పక్కన నిలబడి ఉన్నాడు.

"వాళ్ళకి నా పేరు చెప్పేయండి చిన్నమ్మగారూ. నేను పది గంటల బస్సుకి వెళ్ళిపోతా. విడిది మిగులుతుంది" అన్నాడు.

"మీరు చేశారా?" అని అడిగింది అమ్మగారు.

తాత వంగి మూట ముడి బిగించాడు. కాదనకపోవడమే మినెగిషికి కావలసింది. ఫైలు తెరిచి బల్లమీద పెట్టాడు.

"పన్నెండు రోజుల కింద నేనే స్వయంగా వచ్చి నీళ్ళు పట్టుకెళ్ళాను. మగవాళ్ళ తొట్టె, ఆడవాళ్ళ తొట్టె, రెండు సీసాలు. ఇదిగో రిపోర్టు. ఈ న్యుమోనియా తెచ్చే క్రిమి రెండింట్లోనూ లేదు. మరి ముగ్గురు ఎలా పడ్డారు? ఒక్కటే దారి కనిపిస్తోంది. నేను వస్తున్నానని తెలిసి, ఆ రోజు మాత్రం క్లోరిన్ మందు దండిగా పోశారు. మిగతా రోజులు పోయలేదు."

ఊరంతా నమ్మే మాటే అది. రెండేళ్ళ కింద విడిదుల సంఘం సమావేశంలో తాత లేచి, "ఊటలోంచి పుట్టి, తొట్టె నిండి, పొర్లి పోయే నీళ్ళకి మందేమిటయ్యా, అమ్మ పాలలో డెట్టాల్ కలుపుతారా?" అని అరిచాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వే ఇప్పుడు ఆయన మీదికి సాక్ష్యంగా వచ్చింది. ఆ తర్వాత నెలకే ఆయన మెత్తబడి, కళ్ళజోడు పెట్టుకుని, మందు పోసి, అది సరిపోయిందో లేదో తేల్చే కాగితం పట్టీ రోజుకి రెండుసార్లు నీళ్ళలో ముంచి రంగు చూసి రాసుకోవడం మొదలుపెట్టిన సంగతి ఎవరికీ గుర్తు లేదు. నాకు గుర్తుంది. ఆ పట్టీలు తెప్పించేదాన్ని నేనే.

"చెప్పండి, ఆ రోజు మగవాళ్ళ తొట్టెలో మందు ఎంత పోశారు?" అన్నాడు మినెగిషి.

"నాకు మగ తొట్టె, ఆడ తొట్టె అంటూ లేవు సార్. ఒకటి రాతి తొట్టె, ఒకటి కొయ్య తొట్టె" అన్నాడు తాత విసుగ్గా.

"మాట మార్చకండి."

"మారుస్తున్నది నేను కాదు. తెరలు మార్చేది ఈ పిల్ల."

ఆ పిల్లకి యాభై మూడేళ్ళు. నా చేతిలో అప్పటికి రెండు గుమ్మాల తెరలూ ఉన్నాయి. మూసేస్తున్నాం కదా అని తీసి మడత పెడుతున్నాను. మగవాళ్ళకి నీలం, ఆడవాళ్ళకి ఎరుపు. రోజూ తెల్లారి ఐదింటికి ఈ గుమ్మానిది ఆ గుమ్మానికీ, ఆ గుమ్మానిది ఈ గుమ్మానికీ మార్చి కడతాను. ఒక్క రాత్రి ఉండే అతిథి కూడా రెండు తొట్లలోనూ స్నానం చేసి వెళ్ళాలని.

మడత పెడుతున్న చెయ్యి ఆగిపోయింది.

"సార్, మీరు ఆ రోజు రెండు సీసాలూ ఒకేసారి పట్టారా?"

"లేదు. మగవాళ్ళది సాయంత్రం నాలుగింటికి. అప్పుడు ఆడవాళ్ళు స్నానాలు చేస్తున్నారు, నేనెలా వెళ్తాను? మర్నాడు ఏడింటికి, లోపల ఎవరూ లేరని మీరు చెప్పాక వెళ్ళి, ఆడవాళ్ళది పట్టాను."

"సాయంత్రం లోపలికి వెళ్తే ఏం కనిపించింది?"

"తొట్టె. ఇంకేం కనిపిస్తుంది?"

"దేనితో చేసిన తొట్టె?"

"చెక్కతో. దేవదారు వాసన వచ్చింది."

"పొద్దున?"

మినెగిషి ఫైలు వైపు చూశాడు. ఫైలులో వాసనలు ఉండవు. ఆయన చెవులు మాత్రం మెల్లగా ఎర్రబడ్డాయి.

"చెక్కే" అన్నాడు చివరికి.

"మీరు రంగు చూసి వెళ్ళారు సార్, గుమ్మం చూడలేదు. ఈలోపు ఐదింటికి నేను తెరలు మార్చేశాను. రెండు సీసాల్లోవీ ఒకే తొట్టె నీళ్ళు. రాతి తొట్టెని ఎవరూ పరీక్షించలేదు."

ఇవావో తాత మూట కింద పెట్టాడు. "ఇంత చదువుకుని తెర చూసి తొట్టె పోల్చుకున్నాడు" అన్నాడు గోడతో చెబుతున్నట్టు.

మినెగిషి తప్పు దాచుకునే మనిషి కాదు. లేచి తల వంచి, అప్పటికప్పుడే పెట్టె తీసుకుని రాతి తొట్టె వైపు నడిచాడు. వెనకే మేం ముగ్గురం.

తొట్టె నీళ్ళలో పట్టీ ముంచితే రంగు సరిగ్గా వచ్చింది. రాళ్ళ సందుల్లో వేలు పెట్టి రుద్దినా జిగురు తగల్లేదు. రోజూ ఖాళీ చేసి తోముతానని తాత ఎప్పుడూ చెప్పే మాట నిజమే.

"ఈ క్రిమి తాగితే వచ్చేది కాదు. నీటి తుంపర ఊపిరితిత్తుల్లోకి పోతే వస్తుంది. ఇక్కడ తుంపర లేచేది ఎక్కడ?" అన్నాడు మినెగిషి.

ఎవరూ చెయ్యి చూపించనక్కర్లేదు. తొట్టె మూలలో నిలువెత్తు జలపాతం ఉంది. భుజాల నొప్పులకని దాని కింద కూర్చుంటారు. మూడేళ్ళ కింద పెట్టించారు. ఊటలో నీళ్ళు దానికి చాలక, తొట్టె అంచు పొర్లిన నీటినే నేలకింద ట్యాంకులోకి పట్టి, పంపుతో మళ్ళీ పైకి ఎక్కిస్తారు.

"ఆ ట్యాంకు ఎవరు కడుగుతారు?"

తాత అమ్మగారి వైపు చూశాడు. అమ్మగారి ముఖం పాలిపోయింది.

"కట్టినవాడు చెప్పాడు, మూత తీయక్కర్లేదని" అంది అమ్మగారు. "తాళంచెవి నా బల్ల సొరుగులో ఉంది."

"ఇన్నాళ్ళూ ఆయన్ని తీయమనలేదా?"

"ఆయనే రెండుసార్లు అడిగాడు." "కొత్త యంత్రాల జోలికి రాకండి, మీ పాత పనులు చూసుకోండి అన్నాను."

అప్పుడు నాకు తెలిసింది, తాత మూట ఎందుకు కట్టుకున్నాడో. నింద అమ్మగారి మీద పడకూడదని.

తాళంచెవి తెచ్చి మూత ఎత్తేసరికి గోరువెచ్చటి కుళ్ళు వాసన కొట్టింది. లోపల గోడల నిండా వేలు మందాన గోధుమరంగు జిగురు. పట్టీ ముంచితే కాగితం తెల్లగానే ఉండిపోయింది. మినెగిషి చేతులకి తొడుగులు వేసుకుని సీసా నింపుకున్నాడు.

"త్వరగా తేల్చే పరీక్ష చేయిస్తాను. రేపు మధ్యాహ్నానికి తెలుస్తుంది. అప్పటిదాకా ఎవరి పేరూ చెప్పకండి."

అమ్మగారు పత్రికలవాళ్ళకి ఒక రోజు గడువు అడిగింది. పది గంటల బస్సు తాత లేకుండానే వెళ్ళింది. ఆయన బూట్లు విప్పి, చీపురు తీసుకుని, అలవాటు కొద్దీ కొయ్య తొట్టె తోమడానికి పోయాడు.

మర్నాడు మధ్యాహ్నం రెండు ఫోన్లు వచ్చాయి. మొదటిది మినెగిషి నుంచి. ట్యాంకు నీళ్ళలోనూ, ముగ్గురి కఫంలోనూ ఉన్నది ఒకటే క్రిమి. రెండోది ఆసుపత్రి నుంచి. సరైన మందు ముందే పడింది, ముగ్గురికీ జ్వరం దిగింది. టీచరమ్మ లేచి కూర్చుని, గంజి చప్పగా ఉంది, ఊరవేసిన రేగుపండు లేదా అని నర్సు మీద ఎగిరిందట. అది విని అమ్మగారు కుర్చీలో కూలబడి చాలాసేపు చేతులతో ముఖం కప్పుకుంది. నేను టీ పెట్టడానికి వెళ్ళాను.

మూడింటికి హాలు నిండింది. కెమెరాలు అమ్మగారిని వదిలేసి, వెనక గోడవారగా నిలబడ్డ ఇవావో తాత మీదే ఉన్నాయి. ముందు వరసలోని విలేకరి లేచాడు.

"మందు వద్దని సంఘంలో గొడవ చేసిన మనిషి ఆయనే కదా. ఈ పని ఎవరిదో సూటిగా చెప్పండి."

అమ్మగారు క్షమాపణగా నేలకి నుదురు తాకేలా వంగింది. లేచి, తాత మీద ఉన్న కెమెరాలన్నీ తన వైపు తిరిగేదాకా ఆగింది.

"క్రిమి పెరిగింది రాతి తొట్టెలో జలపాతం కింది ట్యాంకులో. దాన్ని కట్టించింది, తాళం వేసింది, కడుగుతానని అడిగిన మనిషికి తాళంచెవి ఇవ్వనిది నేను. రాసుకోండి. నా పేరు తజుకో."