చేపకు తొలి ముద్ద

నంద్యాలలో సముద్రం ఎక్కడిదని నవ్వకండి. ఎనభై ఆరులో కృపమ్మ ఇంటి వసారాలో, బల్లంత అద్దాల తొట్టిలో, నిజంగానే కాస్త సముద్రం ఉండేది. మద్రాసు రేవులో పడవ మీద పనిచేసే కొడుకు నతానియేలు డబ్బాలతో ఉప్పునీళ్లు మోసుకొచ్చి, తెల్ల చారల నారింజ చేపను అందులో వదిలాడు. మళ్లీ పనికి పోయినవాడు తిరిగి రాలేదు. పడవే దొరకలేదు, ఇక మనిషెక్కడ? సమాధి చేయడానికి శవం లేదు గనక కొడుకు పోయాడని కృపమ్మ ఒప్పుకోలేదు. కంట తడి కూడా పెట్టలేదు.

ఆమె చేసిందల్లా ఒకటే. భోజనం ముందు ప్రార్థన కాగానే, ఎండురొయ్యల పొడి కలిపిన తొలి ముద్ద తీసుకెళ్లి తొట్టిలో వేసేది. "నా కొడుకు చేప పస్తుంటే నాకు ముద్ద దిగుతాదా?" అనేది. పూట తప్పేది కాదు. తల్లి చెయ్యి కదా, పెట్టడమే తెలుసు, ఆపడం తెలియదు.

కూతురు కమలమ్మ ఆళ్లగడ్డ బడిలో టీచరు. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇల్లు చేరేది. వచ్చి చూస్తే అద్దాల నిండా పాచి. మొదట పచ్చటి పొర, తర్వాత రాళ్లకు వెంట్రుకల్లా పట్టుకుంది. గోకితే నాలుగు రోజుల్లో మళ్లీ హాజరు. నీళ్లు మారుద్దామంటే తమ్ముడు తెచ్చిన డబ్బాల్లో ఒక్కటే మిగిలింది. చేప పైకొచ్చి నోరు తెరుస్తోంది.

ఎందుకో కమలమ్మకు తెలుసు. తమ్ముడు పోయేముందు చెప్పాడు: "అక్కా, మేత చిటికెడే ఎయ్యి. మిగిలింది కుళ్లితే పాచికి అదే ఎరువు. మరీ ముదిరితే కొన్నాళ్లు మేత ఆపి, చీకట్లో పెట్టు. చేపకేం గాదు."

తెలిసి ఏం లాభం? నీ ముద్దే దాన్ని చంపుతోందని ఆ తల్లితో ఏ నోటితో అనాలి? నాన్చింది, నాన్చింది. లోపల కోపమూ ఉంది. అలిసొచ్చిన కూతుర్ని "తింటివా?" అని అమ్మ అడిగి ఎన్నాళ్లయిందో! ఛీ, చేపను చూసి కుళ్లుకునే గతి పట్టిందా నాకు, అని తన్ను తానే తిట్టుకునేది.

ఒక సాయంత్రం చేప పక్కకు ఒరిగింది. కమలమ్మ ఇక ఆగలేదు. అడుగున మురుగు తోడింది, పాచి పీకింది, మిగిలిన డబ్బా నీళ్లు పోసింది. గాలి గొట్టం మాత్రం ఆడనిచ్చి, తొట్టి మొత్తాన్ని తమ్ముడి నల్ల కంబళితో కప్పేసింది.

ముద్దతో వచ్చిన కృపమ్మ కంబళి చూసి కొయ్యబారింది.

"ఏందే అది? శవానికి కప్పినట్ల కప్పినావ్!"

"పాచి చావల్లంటే చీకటి గావల్లమ్మా. మేత గూడా ఆపల్ల."

"పస్తు పెడ్తావా నా బిడ్డను?"

"నీ ముద్దేమ్మా దాన్ని చంపుతాండేది!"

అనేసింది. కృపమ్మ చేతిలోని ముద్ద జారి నేల మీద పడింది. ఆమె కంబళి అంచు పట్టుకుని కూలబడింది.

"వాని మీద గుడ్డ గూడా కప్పలేకపోతిమి గదే..."

కొడుకు పోయాక ఆమె ఏడవడం అదే మొదలు. కమలమ్మ పక్కన కూర్చుని తనూ ఏడ్చింది.

కంబళి ఉన్నన్నాళ్లూ కృపమ్మ తొట్టి పక్కనే చాప వేసుకుంది. పలకరించడానికి వచ్చిన వాళ్లతో మొదటిసారి "నా కొడుకు పాయెనమ్మా" అంది. ముద్ద మాత్రం వేయలేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి కంబళి తీశారు. పాచి వడలి, తెల్లబారి, రాళ్లనుంచి ఊడిపోతోంది. చేప బాగా చిక్కింది గానీ నిటారుగా తిరుగుతోంది. కమలమ్మ చిటికెడు పొడి చల్లింది.

భోజనం ముందు ప్రార్థన అయింది. అలవాటు చొప్పున కృపమ్మ ముద్ద కలిపి లేచింది. తొట్టి దాకా పోయి ఆగింది. శుభ్రమైన అద్దంలోంచి చేపను చాలాసేపు చూసి, వెనక్కి వచ్చింది.

"దానికి చాల్లే. నువ్వు తింటివో లేదో గూడా నేను చూల్లేదు గదే ఇన్నాళ్లు," అంటూ ముద్దను కూతురి నోటి దగ్గర పెట్టింది.

ముప్పై దాటిన టీచరమ్మ, చంటిపిల్లలా నోరు తెరిచింది.