వందకు నాలుగు కొసరు

విశాలాక్షి సంచిలోంచి తువ్వాలు తీసి నా దిండు కింద పెట్టుకున్నాను. మిగతావన్నీ సక్రమంగా సర్దాను. రెండు జతల బట్టలు, హాల్ టికెట్టు, పెన్నులు, పులిహోర, ఒక నిమ్మకాయ. తువ్వాలు మాత్రం ఇంట్లోనే ఉండాలి. ఇంట్లోంచి ఎవరు బయలుదేరినా వాళ్ళ వస్తువు ఒకటి వెనక్కి తీసి ఉంచడం నా అలవాటు. దానికోసమైనా తిరిగి వస్తారని.

ఈ ఉపాయం ఇప్పటిదాకా ఒక్కసారీ పనిచేయలేదన్న సంగతి నాకు తెలుసు. మా ఆయన కాశయ్య పలకల లోడుతో మద్రాసు పోయినప్పుడు ఆయన దువ్వెన తీసి ఉంచాను. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఉంది. మా చెల్లెలు ఎల్లమ్మను దర్శికి కాపురానికి పంపినప్పుడు రవిక ఉంచాను. కాన్పులో పోయింది. అయినా మానలేదు.

"అవ్వా, నా తువ్వాలేది?" అంది విశాలాక్షి.

"అక్కడ దొరుకుతుందిలే. గుంటూరులో తువ్వాళ్ళు ఉండవా?"

"పరీక్ష రాసి సాయంత్రం బండికి వచ్చేస్తానే. నువ్వు నన్ను దుబాయికి పంపుతున్నట్టు చేస్తావు."

విశాలాక్షి నా కొడుకు మాల్యాద్రి కూతురు. మా ఊరి కాలేజీలో బి.ఏ. మొదటి ఏడాది పూర్తిచేసింది. రాజకీయ శాస్త్రం దానికి ప్రాణం. ఏడాది కాగానే కాలేజీవాళ్ళు ఆ గ్రూపు ఎత్తేశారు. చేరింది నలుగురేనట. మార్కాపురంలో ఏ టీ బంకు దగ్గర నిలబడినా రాజకీయం తప్ప ఇంకొకటి వినపడదు. కొత్త జిల్లాలు చేసిన ఆ ఏడాది వేసవిలోనైతే మరీను. మార్కాపురం జిల్లా కావాలని టెంట్లు వేసి కూర్చున్నారు. జిల్లా రాలేదు. ఉన్న జిల్లాలోంచే చీరాల బాపట్లకు పోయింది, కందుకూరు నెల్లూరుకు పోయింది. నేను కర్నూలు జిల్లాలో పుట్టి, ఇల్లు కదలకుండానే ఒంగోలు జిల్లాకు వచ్చినదాన్ని. వేరుపడటాలు నాకు కొత్త కాదు. ఇంత రాజకీయం నడిచిన ఊళ్ళో దాన్ని చదవడానికి మాత్రం నలుగురే దొరికారు.

ఆ గ్రూపు గుంటూరులో ఒక కాలేజీలో ఉంది. రెండో ఏడాదిలో చేర్చుకుంటామన్నారు, ఒక షరతు మీద. వాళ్ళ దగ్గర ఆర్ట్సు పిల్లలు కూడా మొదటి ఏడాదిలో ఒక లెక్కల పేపరు రాయాలి. శాతాలు, సగటులు, పట్టికలు. బయటినుంచి వచ్చేవాళ్ళు ముందు ఆ పేపరు పాసై రావాలి. రెండు అవకాశాలు ఇస్తారు. రెండూ పోతే సీటు లేదు.

విశాలాక్షి పదో తరగతి లెక్కల్లో బొటాబొటీగా గట్టెక్కింది. ఇంటరులో లెక్కలు లేవు, ఆ పైన కరోనా వచ్చి పరీక్షా లేదు. ట్యూషను చెప్పే హనుమంతరావు మాస్టారి దగ్గరికి మాల్యాద్రి తీసుకుపోయాడు. ఆయన ఇంజనీరింగు పిల్లలకు తప్ప చెప్పడు.

"రాజకీయానికి లెక్కలెందుకమ్మా? ఓట్లు లెక్కపెట్టేది మిషను కదా!" అని నవ్వి పంపించాడట.

ఇంటికొచ్చి అది పుస్తకం మంచం మీద విసిరేసింది. పక్కింటివాళ్ళ పాత పుస్తకం. వెనక జవాబుల పేజీలు చిరిగిపోయాయి.

"అవ్వా, నువ్వు పలకల షెడ్డులో నలభై ఏళ్ళు లెక్కపెట్టినావు కదా. నువ్వే చెప్పు."

నేను బడికి పోలేదు. షెడ్డులో పలకలు ఒరుసుకోకుండా మధ్యలో పాత పేపర్లు పెట్టేవాళ్ళం. ఆ పేపర్లు చూసి, తయారైన పలకల మీద బలపంతో గీసి చూసే వంకతో అక్షరాలు నేర్చుకున్నాను. చదవడం వచ్చాక ఆ పేపర్లలో కథలు చదివేదాన్ని. అన్నీ సగం కథలే. మిగతా సగం ఇంకో పెట్టెలో పోయేది. లెక్క మాత్రం పూర్తిగా వచ్చు. పెట్టెలు కట్టే పని నాది.

రోజూ పొద్దున వాకిట్లో కూర్చోబెట్టి చెప్పాను. చట్రం లేని పలకలు ఇంట్లో బోలెడు ఉన్నాయి. ఒక పలకను విరగ్గొట్టి భిన్నం చూపించాను. పలకలను వరసగా పేర్చి సగటు చూపించాను. పిల్లకు భయం పోయింది. పది రోజుల్లో శాతాలు నోటితో చెప్పేస్తోంది. మాల్యాద్రి షెడ్డుకు పోతూ పోతూ ఆగి చూసి, "మాయమ్మకు ఇట్ల చెప్పే విద్య ఉందని తెలిస్తే నేనూ పదో తరగతి పాసయ్యేవాడినేమో" అన్నాడు.

"నీకు పలకతో కాదు నాయనా, నీ వీపు మీద పలక విరగ్గొట్టి చెప్పాల్సింది" అన్నాను.

ఇక్కడ షెడ్డు పద్ధతి ఒకటి చెప్పాలి. పలకలు పెళుసు. లారీలో ఊగి ఊగి కొన్ని విరుగుతాయి. అందుకని వందకు నాలుగు కొసరు వేసి పెట్టె కడతాం. పెట్టె మీద వంద అని రాస్తాం, లోపల నూట నాలుగు ఉంటాయి. ఈ సంగతి అడగరు, చెప్పరు. మా ఊళ్ళో పెట్టె అంటే అంతే. పిల్లకు కూడా మొదటి రోజే అట్లాగే చెప్పాను. తప్పని తోచలేదు.

పరీక్ష ముందురోజు సాయంత్రం అది ఒక లెక్క చేసింది. పెట్టెకు వంద చొప్పున ఇరవై పెట్టెల కోడిగుడ్లు, దారిలో ఐదు శాతం పగిలాయి, మిగిలినవెన్ని? అది రెండువేల ఎనభై వేసుకుని, అందులో నూట నాలుగు తీసేసి, వెయ్యిన్నీ తొమ్మిదివందల డెబ్బై ఆరు అని రాసింది. తీసివేత బాగుంది. శాతం బాగుంది. కానీ కోడిగుడ్లకు కొసరు ఎక్కడిది? వెయ్యిన్నీ తొమ్మిదివందలు రావాలి.

"సరిగ్గా ఉందా అవ్వా?"

నేను పలక వంక చూశాను. తరవాత దాని వంక చూశాను. పంతొమ్మిదేళ్ళు. నా చెల్లెలిని దర్శి పంపిననాటి వయసు.

"శాతం సరిగ్గానే తీసినావు" అన్నాను.

అది అబద్ధం కాదు. అందుకే నాకు అంత సులువుగా నోట వచ్చింది.

మరునాడు తువ్వాలు తీసేసి సంచి సర్దింది కూడా నేనే.

వారానికి ఫలితం వచ్చింది. ముప్పై మూడు. పాసుకు ముప్పై ఐదు కావాలి. రాసిన పేపరు చూపిస్తామంటే మాల్యాద్రితో మళ్ళీ గుంటూరు పోయి, ఆ పేజీ ఫోనులో ఫోటో తీసుకొచ్చింది. పెట్టెకు వంద చొప్పున యాభై పెట్టెల గాజు గ్లాసులు. నాలుగు శాతం పగిలాయి. నాలుగువేల ఎనిమిదివందలు అని రాయాల్సిన చోట మా పిల్ల నాలుగువేల తొమ్మిదివందల తొంభై రెండు రాసింది. దిద్దినవాళ్ళు ఎర్ర సిరాతో 'ఈ 104 ఎక్కడిది?' అని రాశారు. ఐదు మార్కుల లెక్క.

"ఎక్కడిదంటే ఏం చెప్పాల?" అన్నాడు మాల్యాద్రి అన్నం కలుపుతూ. "మార్కాపురందని చెప్పు. పోనీలే అమ్మా, ఇక్కడే వేరే గ్రూపు తీసుకో. దూరం పోయి నువ్వు ఎమ్మెల్యే కావాల్నా ఏంది?"

విశాలాక్షి ఏడవలేదు. ఫోటోనే పెద్దది చేసి చూస్తూ కూర్చుంది. "గ్లాసులకు కొసరు వేయరా అవ్వా?" అంది. నన్ను తప్పుపట్టడానికి కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. అది తిట్టి ఉంటే నేను ఊరుకునేదాన్ని.

"వేయరు. కోడిగుడ్లకూ వేయరు."

"మరి ఆ రోజు కోడిగుడ్ల లెక్క..."

"చూసినా."

"చూసి?"

"చూసి ఊరుకున్నా."

మాల్యాద్రి కంచం పక్కకు జరిపాడు.

"కావాలనే తప్పు చెప్పినావా?" అంది పిల్ల.

"కావాలని చెప్పలేదు. కావాలని ఊరుకున్నా. నువ్వు పోతే రావని."

"గుంటూరు అవ్వా! నాలుగు గంటలు! పల్లీలు తినే లోపల వస్తుంది!"

"దర్శి ఇంకా దగ్గర" అన్నాను.

రెండు రోజులు అది నాతో మాట్లాడలేదు. ఇంట్లో ఉండి మాట్లాడకపోవడం కూడా ఎడబాటే. కాకపోతే దీనికి దిండు కింద పెట్టుకోవడానికి ఏ వస్తువూ ఉండదు. మూడో రోజు పొద్దున పలకల దొంతర తెచ్చి నా ముందు దభాలున పెట్టింది. అడుగు పలక పగిలింది.

"ఇంకొక్క అవకాశం ఉంది. చెప్పు. వందంటే ఎంత?"

"వంద."

"కొసరు?"

"లేదు."

"మాయమ్మే! ఒట్టు?"

"నీ మీద వేయను. నా కళ్ళద్దాల మీద ఒట్టు."

నెల రోజులు చెప్పాను. తప్పు చేస్తే పలక మీదే చెరిపించాను. ఈసారి నా భయాన్నే లెక్కలుగా ఇచ్చాను. వంద మంది ఊరు వదిలి పోతే డెబ్బై ఐదు శాతం తిరిగి వచ్చారు, రానివారెందరు? అది టక్కున ఇరవై ఐదు అనేది. "నీ లెక్కలో అంతా పోయేవాళ్ళే ఉంటారేమి? ఎవరినైనా రానీ" అని నవ్వేది. సరేనని వచ్చేవాళ్ళ లెక్కలు ఇచ్చాను. అవి అల్లడం నాకే కష్టమైంది.

రెండోసారి అరవై ఒకటి వచ్చాయి.

సీటు ఖాయమయ్యాక మాల్యాద్రి అడ్డం తిరిగాడు. హాస్టలులో ఒంటరిగా ఉంచనన్నాడు. గది తీసుకుంటే తోడు ఎవరన్నాడు. విశాలాక్షి తల్లికి షెడ్డు పని, వాడికి షెడ్డు పని.

"అవ్వ వస్తుంది" అంది విశాలాక్షి.

"నేనెందుకు?"

"నన్ను ఆపాలని చూసినావు కదా. దానికి శిక్ష. ఒక నెల ఉండు. నేను కుదురుకున్నాక వచ్చేద్దువు."

"ఈ ముసలిదాన్ని గుంటూరు తీసుకపోయి ఏం చేస్తావే?"

"వందంటే ఎంతో మరిచిపోకుండా చూసుకుంటా."

నా సంచి నేనే సర్దుకున్నాను. నాలుగు చీరలు, కళ్ళద్దాలు, మందులు, మూడు పలకలు. బయలుదేరేముందు అలవాటు చొప్పున నా తువ్వాలు తీసి దిండు కింద పెట్టాను. మాల్యాద్రి స్టేషనుకు వచ్చి బండి కదిలేదాకా కిటికీ ఊచ పట్టుకునే ఉన్నాడు. "నెలే కదమ్మా" అన్నాడు. వాడు అట్లా అనగానే నాకు భయం వేసింది. మా ఆయన కూడా "వారమే కదా" అన్నాడు.

నెలకు వాడు తీసుకుపోవడానికి వచ్చాడు. అప్పటికి గుంటూరులో మా గది వరండాలో ఆరుగురు ఆడపిల్లలు పలకలు ముందేసుకుని కూర్చుని ఉన్నారు. ఆర్ట్సువాళ్ళే. చరిత్ర, తెలుగు, రాజకీయం. అందరికీ ఆ లెక్కల పేపరే అడ్డం. పరీక్ష దాకా ఉంటానన్నాను. పరీక్ష అయ్యాక తప్పినవాళ్ళు ఇద్దరు మిగిలారు. వాళ్ళు పాసయ్యేసరికి కొత్త ఏడాది పిల్లలు వచ్చారు. వీధి చివర లైబ్రరీ ఉంది. అక్కడ కథలు మొదటినుంచి చివరిదాకా ఉన్నాయి. వదిలి పోదామనుకున్నప్పుడల్లా ఎవరో ఒక పిల్ల సగం లెక్కలో ఉండేది. విడిచిపోవడమంటే నాకు మొదటినుంచీ భయమే కదా.

విశాలాక్షి నెలకు రెండుసార్లు మార్కాపురం పోయి వచ్చేది. డిగ్రీ కాగానే ఇంటికి వెళ్ళిపోయింది. పెద్దారవీడులో ఒక బడిలో సోషలు చెప్తోంది. లెక్కల టీచరు దొరక్క అవి కూడా దాన్నే చెప్పమన్నారట. మొన్న ఫోనులో "అవ్వా, నీ తువ్వాలు ఇంకా దిండు కిందనే ఉంది, ఎలుకలు కొట్టినాయి" అంది.

మా ఇంటినుంచి పోయి తిరిగి రానివాళ్ళలో మూడో మనిషిని నేను. పోయింది 2022 నవంబరు 6, ఆదివారం.