రేపటి అడుగుల ఇల్లు

పొద్దున ఆరున్నరకు పాల వరదయ్య గేటు దగ్గర సైకిలు ఆపి, క్యాను దించకముందే అడిగే మాట ఒకటే.

"అక్కా, రేపు నేనొస్తానా?"

లోకేశ్వరి గిన్నె పట్టుకుని, వసారాలో ఒక్క క్షణం నిలబడి వింటుంది. ఖాళీ మెట్ల మీద అతని చెప్పుల చప్పుడు వినబడితే "వస్తావులే, అరలీటరు పొయ్యి" అంటుంది. వినబడకపోతే లీటరు పోయించుకుంటుంది.

"మళ్ళీ అత్తగారింటికి పోతాండావు గదా, నాకొక మాట చెప్పకుండా!"

"నాకే తెలీదక్కా ఇంకా" అంటాడు వరదయ్య.

చిత్తూరు గ్రీమ్స్‌పేటలో లోకేశ్వరి మామగారు కట్టించిన ఇల్లు అది. అందులో పరిచిన కడపరాళ్ళ మీద రేపు పడే అడుగులు ఈ రోజే, అదే వేళకు వినబడతాయి. మనిషి కనబడకుండా అడుగు వినబడితే అది రేపటిదన్నమాట. అరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు. గూడూరు నుంచి అల్లుడు మునిచంద్ర వచ్చే ముందు రోజే లోకేశ్వరి కోడి కోసం చెప్పి పెడుతుంది. కరెంటు బిల్లు మనిషి కోసం కుక్కను ముందే కట్టేస్తుంది. భర్త పోయి అయిదేళ్ళైంది. ఆయన అడుగులు ఆయనకంటే ఒక రోజు ముందే ఆగిపోయాయి. దాని గురించి మాత్రం ఆమె ఎవరితోనూ మాట్లాడదు.

ఆ ఇంట్లో ఇప్పుడు కూతురు లోహిత బాలింత. పాప పుట్టి ముప్పై అయిదో రోజు.

లోహిత ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్తుంది. నాలుగేళ్ళ కిందట బోర్డు మీద రాస్తూ రాస్తూ ఉండగా ఎడమ కన్ను పొగ కమ్మినట్టయింది. తిరుపతిలో డాక్టర్ ప్రశాంతి స్కానింగులు చూసి మల్టిపుల్ స్క్లెరోసిస్ అని చెప్పింది. ఒంటికి కాపలా కాయాల్సిన కణాలే పొరబడి నరాల మీది పొరను కొరికేసే జబ్బు. అప్పటి నుంచీ ఇంజెక్షన్లు. కడుపుతో ఉందని తెలిశాక డాక్టరే వాటిని ఆపించింది.

"బిడ్డ కడుపులో ఉన్నన్నాళ్ళూ ఈ జబ్బు చాలామందిలో అణిగి ఉంటుంది" అంది ప్రశాంతి. "కాన్పయ్యాక మూడు నెలలే జాగ్రత్త. పదిమందిలో ఇద్దరు ముగ్గురికి మళ్ళీ వచ్చేది అప్పుడే. ఒంటికి వేడి తగిలితే పాత బలహీనత పైకి తేలుతుంది, చల్లబడితే పోతుంది. దానికి భయపడొద్దు. చల్లబడ్డాక కూడా పోకుండా రోజంతా ఉంటే కొత్త దాడి. అప్పుడు ఆగొద్దు. స్నానం మాత్రం గోరువెచ్చటి నీళ్ళే."

తొమ్మిది నెలలూ ఆమె చెప్పినట్టే హాయిగా గడిచాయి. గొడవంతా ఆ గోరువెచ్చన దగ్గరే వచ్చింది.

ఎదురింటి సుబ్బులమ్మ నలభై ఏళ్ళుగా ఆ వీధి బాలింతలకు నీళ్ళు పోస్తోంది. "గోరువెచ్చంటే ఏంది పాపా? అవి బాలింతకు పోసే నీళ్ళా, బియ్యం కడిగే నీళ్ళా? నడుం గట్టిపడొద్దా?" అంటుంది. లోకేశ్వరి కాగులో చెయ్యి ముంచి చూసి "గోరువెచ్చగానే ఉండాది లే" అని తీర్పు చెప్తుంది. పొయ్యి మీది గిన్నెలను గుడ్డ లేకుండా దించే చెయ్యి అది.

స్నానమయ్యాక తలకు గుడ్డ, చెవుల్లో దూది, మూసిన కిటికీ, సాంబ్రాణి. లోహిత ఎడమ కాలు బరువెక్కి నేలను రాసుకుంటూ వచ్చేది. కాసేపటికి సర్దుకునేది. రేపటి అడుగుల్లో కూడా రోజూ ఏడు గంటలకు అదే చప్పుడు, ఒకటి టక్కున, ఒకటి సర్రున. "నీళ్ళ వేడి" అని ముగ్గురూ అనుకునేవారు. కారణం తెలిసిన చప్పుడుకు ఎవరు భయపడతారు?

లోహిత మాత్రం కాలు మామూలు కావడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రోజూ నోటుపుస్తకంలో రాసుకునేది. ముప్పై అయిదు. నలభై. నలభై. యాభై అయిదు. డెబ్బై. నిన్న నూట ముప్పై. ఇదే వరుస ఎవరైనా పిల్లవాడి పుస్తకంలో ఉండి, తర్వాతి సంఖ్య ఎంత అని అడిగి ఉంటే ఆమె ఠక్కున చెప్పేది. తన కాలు కాబట్టి, పేజీ తిప్పేసింది.

ఈ రోజు ఏడింటికి స్నానమైంది. నిన్నా ఈ రోజూ పాప ఏడుపులో రేపటి చప్పుడును ఎవరూ పట్టించుకోలేదు. తొమ్మిదైంది. పదైంది. లోహిత తలగుడ్డ తీసేసి, ఫ్యాను పెట్టుకుని, తడి తువ్వాలు మెడ మీద వేసుకుంది. కాలు రాలేదు. పదింబావుకు పక్కలోని పాపను ఎత్తుకుని లేవబోతే మోకాలు మడత పడింది. మంచం పట్టె పట్టుకుని నిలదొక్కుకుంది గానీ పాప తల గోడకు జానెడు దూరంలో ఆగింది.

"అమ్మా!"

లోకేశ్వరి వచ్చి పాపను అందుకుంది. లోహిత గోటితో తొడ మీద గిల్లుకుంటూ ఉంది. "ఈడిదాకా తెలియడం లేదు. నడుం దాకా."

"వేడిమ్మా. సల్లబడితే పోతాది."

"మూడు గంటలైంది అమ్మా. ఒళ్ళు చల్లగా ఉంది, పట్టుకుని చూడు."

"డాక్టరమ్మ ఒక రోజు అనింది గదా. రేపటిదాకా సూద్దాం. ఈ పచ్చి బాలింతను, ఆ గాలిలో, అంత దూరం…"

"రేపటిదాకా ఎందుకు?" అంది లోహిత. "ఈ ఇంట్లో ఉండి?"

ఇద్దరూ చెవులు రిక్కించి కూర్చున్నారు. పదిన్నరకు లోహిత రోజూ పాపను ఎత్తుకుని వసారాలోకి నడుస్తుంది. మంచం నుంచి వసారాకు పద్నాలుగు అడుగులు. పదిన్నరైంది. పద్నాలుగింటిలో ఒక్కటీ వినబడలేదు.

"ఇంట్లో ఉండవేమో రేపు" అంది లోకేశ్వరి, ఆశగా. "ఆస్పత్రికి పోయింటావేమో."

అప్పుడు వంటింట్లో అడుగులు మొదలయ్యాయి. పొట్టి, వడివడి అడుగులు, కుడి మడమ మీద కొంచెం ఎక్కువ బరువు. అవి ఎవరివో ఇద్దరికీ తెలుసు. అవి వంటింటి నుంచి గదిలోకి వచ్చి మంచం పక్కన ఆగాయి. చాలాసేపు ఆగి, బరువైనదేదో మోస్తున్నట్టు నెమ్మదిగా పెరట్లోకి వెళ్ళాయి. మళ్ళీ వచ్చాయి. మళ్ళీ ఆగాయి.

లోహిత వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఇరవై నిమిషాల్లో తొమ్మిది సార్లు.

"రేపు నువ్వు ఇంట్లోనే ఉన్నావమ్మా" అంది. "నన్ను వదిలి నువ్వుండవు. అంటే నేను కూడా ఈడే ఉన్నా. ఈ మంచంలోనే. నువ్వు నా కింద పళ్ళెం పెట్టి తీస్తా ఉన్నావు."

లోకేశ్వరి తన అడుగులు ఆగిన చోటునే చూస్తూ ఉంది.

లోహిత డాక్టరుకు ఫోన్ చేసి పుస్తకంలోని అంకెలు చదివింది. అవతల ప్రశాంతి అడిగింది. "రోజంతా అన్నది ఈ రోజు నుంచి లెక్కా, లోహితా? ఈ వరుస చూస్తే ఎప్పుడు మొదలైందో చెప్పలేం. జ్వరం ఉందా? మూత్రంలో మంటా? సరే, అదీ పరీక్ష చేద్దాం. బయలుదేరండి. ఆలస్యం చేస్తే కాలు మొత్తంగా తిరిగి వస్తుందని మాటివ్వలేను."

ఫోన్ పెట్టేశాక కూడా లోకేశ్వరి కదల్లేదు. "వినబడింది జరక్కుండా పోయింది లేదమ్మా ఈ ఇంట్లో. మీ నాయనప్పుడు నేను ఎంత…" అని ఆగిపోయింది. ఆ తర్వాత పాపను లోహిత ఒళ్ళో పెట్టి, గభాలున లేచి గడప అవతల చెప్పులు వేసుకుంది.

"నేను ఈడ ఉంటే గదా ఈడ తిరిగేది! సుబ్బులమ్మా! ఓ సుబ్బులమ్మా! ఆ టాక్సీ ఢిల్లీబాబును కారు తీసుకురమ్మను. తాళం చెవి నీ దగ్గర పెట్టుకో."

సుబ్బులమ్మ, ఢిల్లీబాబు చెరొక రెక్క పట్టి లోహితను కార్లో కూర్చోబెట్టారు. మునిచంద్ర ఫోన్లో "గూడూరులో రైలెక్కి నేరుగా ఆస్పత్రికే వస్తాండా" అన్నాడు. ఢిల్లీబాబు బాలింతను చూసి మర్యాదగా ఏసీ ఆపేశాడు.

"వెయ్యప్పా" అంది లోకేశ్వరి.

"పచ్చి ఒళ్ళు గదా అక్కా?"

"వెయ్యమంటే వెయ్యి. గట్టిగా వెయ్యి."

పూతలపట్టు దాటాక ఆమె కిటికీ వైపు తిరిగి అంది. "ఆ నీళ్ళు గోరువెచ్చగా లేవు. నాకు తెలుసు."

"వేడి నీళ్ళ వల్ల ఈ జబ్బు రాదమ్మా. అది వచ్చేదే. వేడి దాన్ని దాచిపెట్టింది, అంతే. నా పుస్తకంలో కనబడుతూనే ఉంది, నేనూ చూడలేదు."

లోకేశ్వరి కూతురి ఎడమ పాదాన్ని తన ఒళ్ళోకి తీసుకుంది. తిరుపతి దాకా దాన్ని వదల్లేదు. లోహితకు ఆ చేతులు కనబడుతున్నాయి గానీ తెలియడం లేదు.

మధ్యాహ్నమే మొదటి స్టెరాయిడ్ డ్రిప్పు ఎక్కించారు. అయిదు రోజులు, రోజుకొకటి. డ్రిప్పు అయ్యాక నాలుగు గంటలు ఆగి పాలివ్వొచ్చని ప్రశాంతి చెప్పింది. పాలిస్తూ కూడా వాడగలిగే ఇంజెక్షను తర్వాత మొదలుపెడదామంది. కాలు గురించి మాత్రం చూద్దాం అంది.

మర్నాడు పదిన్నరకు లోకేశ్వరి ఫోను మోగింది. స్పీకరు పెట్టింది. సుబ్బులమ్మ.

"అమ్మా, యాడుండావు నువ్వు?"

"ఆస్పత్రిలో. ఇంక యాడుంటా?"

"మరి నీ అడుగులు ఈడ తిరగతా ఉండాయే! సెట్లకు నీళ్ళు పోద్దామని వచ్చి తాళం తీసినా. మనిషి లేదు. వంటింట్లో నుంచి గదిలోకి, గదిలో నుంచి పెరట్లోకి…"

"రేపటివేమో" అంది లోహిత.

"కాదు పాపా. రేపటివైతే ఉత్త సప్పుడే గదా. ఇప్పుడు రాళ్ళ మీద దుమ్ము లేస్తా ఉండాది."

లోకేశ్వరి ఫోనును మంచం మీద పెట్టింది. డెబ్బై కిలోమీటర్ల అవతల, ఖాళీ ఇంట్లో, ఆమె నడవాల్సిన అడుగులను ఇల్లే నడుస్తోంది. వచ్చాయి, మంచం పక్కన ఆగాయి, నెమ్మదిగా పెరట్లోకి పోయాయి. లోహిత లెక్కపెట్టింది. ఏడు. ఎనిమిది. తొమ్మిది.

"ఆగిపోయినాయి" అంది సుబ్బులమ్మ. "లోపలికి పోయి సూడనా?"

"వద్దు. గడప దాటొద్దు. తాళమేసి పో" అంది లోకేశ్వరి.

నర్సు తలుపు తోసి, పాపకు బరువు చూడడం అయిపోయిందని, పదకొండుకు డ్రిప్పు పెట్టేలోపు పాలివ్వాలని చెప్పింది. లోకేశ్వరి లేచింది. ఒక్క క్షణం కిందికి, తన పాదాల వైపు చూసుకుంది. తర్వాత వరండాలోకి నడిచింది.

లోహిత దుప్పటి కింద బొటనవేలిని కదిలించబోయింది. కదల్లేదు. మళ్ళీ ప్రయత్నించింది. ఏమీ తెలియని చోట సూది మొనంత జలదరింపు పుట్టి పోయింది, లేదా అలా అనిపించింది. దాన్ని ఇంకా ఎక్కడా రాసుకోకూడదనుకుంది.

వరండా చివర నుంచి అడుగులు వినబడ్డాయి. పొట్టి, వడివడి అడుగులు, కుడి మడమ మీద కొంచెం ఎక్కువ బరువు. అవి గదిలోకి వచ్చి మంచం పక్కన ఆగాయి. తలెత్తి చూస్తే మనిషి ఉంది. చేతుల్లో పాప ఉంది.

పది, అనుకుంది లోహిత, చేతులు చాపుతూ.